దమ్ము పుట్టుకతో వస్తుందా?

పోయిన నెల ఒక బాలికల హాస్టల్‌కి వెళ్ళాం. ఆరోగ్యం గురించీ, చట్టాల గురించీ పిల్లలతో మాట్లాడటానికి ఏడాదికి రెండు మూడుసార్లు అలా వెళ్తూనే ఉంటాం. ఈసారి మేం వెళ్ళేసరికి సాయంత్రమైంది. వెనకవైపు ఖాళీ జాగాలో బాక్సింగ్ ప్రాక్టీసు జరుగుతోంది. తాళ్ళు కట్టిన రింగేమీ లేదు. నేల మీద సున్నంతో గీసిన నాలుగు గీతలు, వేపకొమ్మకు వేలాడదీసిన ఇసక బస్తా, నాలుగు జతల గ్లవ్స్, పద్ధెనిమిది మంది పిల్లలు. వాళ్ళలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి మొదటి రౌండులో మమ్మల్ని కూర్చున్న చోటి నుంచి లేపేసింది. అంత చురుకు, అంత సూటి దెబ్బ. రెండో రౌండు సగానికి వచ్చేసరికి ఆ చేతులే కిందికి వాలిపోయాయి. పెదవులు పాలిపోయాయి. గీత మీదే కూలబడి రొప్పుతూ ఉండిపోయింది.

"దీనికి స్టామినా లేదు మేడమ్. చెయ్యి చూశారుగా, ఎంత బాగుందో! కానీ ఏం లాభం? అది పుట్టుకతో రావాలి" అన్నారు ఆటల టీచరు. ఆయన మంచి మనిషి. ఆ నాలుగు జతల గ్లవ్స్ తన జీతంలోంచి కొన్నారు. అందుకే ఆ మాట మాకు మరింత గుచ్చుకుంది. చెడ్డవాళ్ళ నోటి నుంచి వచ్చే పుట్టుక కబుర్లకి జవాబు చెప్పడం మనకి అలవాటే. పిల్లల మేలు కోరేవాళ్ళ నోటి నుంచి వచ్చినప్పుడే ఏం చెప్పాలో తోచదు.

పుట్టుక అన్న మాటతో మనకున్న పరిచయం ఇంతా అంతా కాదు. ఆడపుట్టుక అన్నారు, తక్కువ పుట్టుక అన్నారు. ఇప్పుడు అదే మాట తెల్లకోటు వేసుకుని జీన్స్ అన్న పేరుతో వస్తోంది. ఉగ్గబట్టిన ఊపిరితో వినేస్తున్నాం. సైన్సు చెప్పిందంటే ఇంకేం మాట్లాడతాం అనుకుంటున్నాం. సైన్సు నిజంగా ఏం చెప్పిందో ఒకసారి చూద్దాం.

స్టామినాని మన జనం దమ్ము అంటారు. చాలా సరైన మాట. బాక్సింగ్‌లో దమ్మంటే మూడు నిమిషాల రౌండు, ఒక నిమిషం విశ్రాంతి, మళ్ళీ మూడు నిమిషాలు, ఇలా మూడు రౌండ్లూ కాళ్ళు ఆడుతూ, చేతులు ముఖాన్ని కాపాడుతూ, కొట్టే దెబ్బలో పస తగ్గకుండా నిలబడగలగడం. ఒక్కొక్క దెబ్బ క్షణంలో అయిపోయేదే అయినా, ఆ దెబ్బల మధ్య కండరాలు తేరుకోవడానికి కావలసిన శక్తిలో ఎక్కువ భాగం ఆక్సిజన్ నుంచే వస్తుంది. ఊపిరితిత్తులు తీసుకున్న ఆక్సిజన్‌ని రక్తం మోయాలి, గుండె తోయాలి, కండరం వాడుకోవాలి. ఈ గొలుసులో ఏ ఒక్క కొక్కెం వదులైనా చేతులు వాలిపోతాయి.

శిక్షణ ఈ గొలుసును ఎలా బిగిస్తుందో తెలుసుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. క్రమంగా పరుగెత్తడం మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది. వారాలు గడిచేకొద్దీ కండరాల్లో శక్తిని తయారుచేసే కణభాగాలు, వాటి చుట్టూ సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి. నెలలు, సంవత్సరాలు గడిస్తే గుండె ఒక్కొక్క కొట్టుకు తోసే రక్తం ఎక్కువవుతుంది. తాడాట, తెల్లవారుజాము పరుగు, బస్తా మీద రౌండ్ల లెక్కన దెబ్బలు, తోటివాళ్ళతో స్పారింగ్ అన్నీ దీనికోసమే. ఇవి కాక కంటికి కనపడని విద్య ఇంకొకటి ఉంది. కొత్తపిల్ల భుజాలు బిగబట్టి, ఊపిరి బిగబట్టి కొడుతుంది. అనుభవమున్న పిల్ల దెబ్బతో పాటు ఊపిరి వదులుతుంది, అవసరం లేనప్పుడు భుజం వదులుగా ఉంచుతుంది. సగం అలసట అక్కడే ఆదా అవుతుంది. ఇది నేర్చుకుంటే వచ్చేది. మానేస్తే ఈ లాభమంతా కొన్ని వారాల్లోనే కరగడం మొదలవుతుంది. ఎండాకాలం సెలవులకి ఇంటికి పోయి కూలిపనికో, ఇంటిచాకిరికో అంకితమై, జూన్‌లో హాస్టల్‌కి తిరిగొచ్చిన పిల్లలు మళ్ళీ మొదటి మెట్టు మీద ఎందుకు నిలబడతారో ఆ టీచరుకి తెలియనిది కాదు.

మరి జన్యువుల పాత్ర లేదా? ఉంది. లేదని వాదించడం మన పని కాదు, అలా వాదిస్తే ఓడిపోతాం కూడా. ఈ విషయంలో ఎక్కువగా చెప్పుకునే అధ్యయనం అమెరికా, కెనడా శాస్త్రవేత్తలు చేసిన హెరిటేజ్ ఫ్యామిలీ స్టడీ. 1999లో వచ్చిన ఫలితాల్లో 98 కుటుంబాలకు చెందిన 481 మంది ఉన్నారు. వ్యాయామం అలవాటు లేని, ఆరోగ్యంగా ఉన్న మనుషులు. అందరి చేతా 20 వారాల పాటు ఒకే పద్ధతిలో సైకిల్ తొక్కించారు. శరీరం నిమిషానికి వాడుకోగల ఆక్సిజన్ సగటున 400 మిల్లీలీటర్ల దాకా పెరిగింది. కానీ కొందరిలో దాదాపు ఏమీ పెరగలేదు, కొందరిలో లీటరు దాకా పెరిగింది. ఒకే కుటుంబం వాళ్ళు ఒకరినొకరు పోలి ఉన్నారు. మనుషుల మధ్య కనిపించిన తేడాలో దాదాపు సగం వారసత్వానిదని తేల్చారు.

ఈ "సగం" అన్న అంకెనే అందరూ పట్టుకుంటారు. దాని అర్థం ఒక పిల్ల దమ్ములో సగం జన్యువుల నుంచి, సగం శిక్షణ నుంచి వచ్చిందని కాదు. అందరికీ తిండి ఉండి, అందరికీ ఒకే శిక్షణ ఇస్తే, అప్పుడు మిగిలే తేడాలో సగం వారసత్వానిది అని మాత్రమే. కాలువ కింద ఒకే మడిలో రెండు రకాల వడ్లు చల్లి, పంటలో తేడా విత్తనానిది అనొచ్చు. ఒక రకం కాలువ కింద, ఇంకో రకం రాళ్ళచెలకలో చల్లి, విత్తనం మంచిది కాదంటే ఏ రైతు ఒప్పుకుంటాడు? మన హాస్టల్ పిల్లలవి రాళ్ళచెలక బతుకులు.

ఇంకొక సంగతి. 2017లో డేవిడ్ మాంటెరో, కార్స్‌టెన్ లుండ్‌బీ అనే ఇద్దరు పరిశోధకులు 78 మందికి వారానికి ఒకరోజు నుంచి అయిదు రోజుల దాకా వేర్వేరు మోతాదుల్లో వ్యాయామం చేయించారు. ఆరు వారాల తర్వాత ఏ మార్పూ రాని వాళ్ళని ఇంటికి పంపెయ్యకుండా, వారానికి ఇంకో రెండు రోజులు కలిపి మరో ఆరు వారాలు చేయించారు. అప్పుడు అందరిలోనూ మెరుగుదల కనిపించింది. "వీళ్ళకి రాదు" అన్న ముద్ర మోతాదు పెంచగానే చెరిగిపోయింది! ఇక ఉమ్మి పరీక్ష చేసి మీ పాప పరుగుకి పనికొస్తుందో కుస్తీకి పనికొస్తుందో చెప్తామని డబ్బు గుంజే కంపెనీల సంగతంటారా, క్రీడావైద్య నిపుణులు 2015లోనే ఒక ఉమ్మడి ప్రకటనలో ప్రతిభ ఉన్న పిల్లల్ని ఎంచడానికి ఈ పరీక్షలు పనికిరావని చెప్పేశారు.

ఆడవాళ్ళకి దమ్ము లేదన్న మాటకి పెద్ద చరిత్రే ఉంది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారిగా స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. ఫైనల్‌లో మొదటి ముగ్గురూ అప్పటి ప్రపంచ రికార్డుని దాటి పరుగెత్తారు. తొమ్మిది మందీ పరుగు పూర్తి చేశారు. పత్రికలు మాత్రం స్త్రీలు సగం దారిలోనే కుప్పకూలారని, చూడలేకపోయామని రాశాయి. పరుగు ముగించాక ఆయాసంతో నేల మీద కూర్చుంటే ఆడదాని బలహీనతట! మగవాడు కూర్చుంటే వీరోచిత పోరాటం. ఆ రాతల పుణ్యమా అని 1960 దాకా, అంటే 32 ఏళ్ళ పాటు, ఒలింపిక్స్‌లో స్త్రీలకు ఆ పరుగే లేకుండా పోయింది. మారథాన్ కోసం 1984 దాకా ఆగాల్సివచ్చింది.

బాక్సింగ్ కథ ఇంకా ఘోరం. బ్రిటన్‌లో జేన్ కౌచ్ అనే ఆమె ప్రొఫెషనల్ లైసెన్సు అడిగితే అక్కడి బోర్డు ఇవ్వనంది. నెలసరి ముందు ఆడవాళ్ళకి మనసు నిలకడగా ఉండదన్నది వాళ్ళు ట్రిబ్యునల్ ముందు పెట్టిన వాదనల్లో ఒకటి. 1998లో ఆమె ఆ కేసు గెలిచింది. ఒలింపిక్స్ రింగ్‌లోకి స్త్రీలను రానిచ్చింది 2012 లండన్‌లో. అదీ మూడే మూడు బరువుల్లో. మగవాళ్ళకి మూడు నిమిషాల రౌండ్లు మూడు అయితే, స్త్రీలకు రెండు నిమిషాల రౌండ్లు నాలుగు. అమెచ్యూర్ బాక్సింగ్‌లో 2017 నుంచి ఈ తేడా పోయింది. ఇప్పుడు అందరికీ మూడు నిమిషాల రౌండ్లే, ఆకాశమేమీ విరిగి పడలేదు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో మాత్రం స్త్రీలకు రెండు నిమిషాల రౌండ్లే ఆనవాయితీ. 2023 అక్టోబరులో పోర్టోరికోకి చెందిన అమాండా సెరానో, బ్రెజిల్‌కి చెందిన డానీలా రామోస్ మగవాళ్ళలాగే పన్నెండు మూడు నిమిషాల రౌండ్లు పోట్లాడారు. పన్నెండూ పూర్తయ్యాయి. సెరానో గెలిచింది. వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ ఆ పద్ధతిని ఒప్పుకోకపోతే తన బెల్టునే వదులుకుంది.

తలకి తగిలే దెబ్బల భయంతోనే ఇలా చేస్తున్నామని కౌన్సిల్ అంటోంది. ఆ భయం వట్టిది కాదు. ఆ మాటకొస్తే మనలో చాలామందికి ఈ ఆట మీదే అభ్యంతరం ఉంది. ఇళ్ళలో పిడిగుద్దులు తిన్న ఆడవాళ్ళ కేసులు రోజూ చూసే మనం, ఆడపిల్లలు ఒకరి ముఖం మీద ఒకరు గుద్దుకుంటుంటే చప్పట్లు కొట్టడమా అని మా సంపాదకవర్గంలోనే వాదన జరిగింది. ఇంకా తెగలేదు. కానీ తల అందరిదీ తలే కదా! మగవాళ్ళ మెదడు గురించి అదే శ్రద్ధ ఎందుకు లేదు? రౌండ్లు చిన్నవి కాబట్టి డబ్బు కూడా చిన్నదే అని నిర్వాహకులు లెక్క కట్టినప్పుడు ఈ శ్రద్ధ అసలు రంగు బయటపడుతుంది.

దమ్ము లేకపోతే ఆడదానివి కాబట్టి. సరే, ఉంటే? తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో ఇటుకబట్టీ కూలీల ఇంట్లో పుట్టిన శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్లలో వెండి పతకం గెలిచింది. అదే 800 మీటర్లు. లింగ పరీక్షలో నెగ్గలేదని పతకం లాక్కున్నారు. ఒడిశా చేనేత కుటుంబం నుంచి వచ్చిన ద్యుతీ చంద్‌ని 2014లో పక్కన పెట్టారు. ఆమె ఊరుకోలేదు, అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్ళి 2015లో ఆ నిబంధనని నిలిపివేయించింది. 2025లో వరల్డ్ బాక్సింగ్ సంస్థ మళ్ళీ జన్యు పరీక్షని తప్పనిసరి చేసింది. ఫలితాలు సమయానికి అందలేదని ఆ ఏడాది లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో ఫ్రాన్స్ అమ్మాయిల్ని ఆడనివ్వలేదు. పోటీ న్యాయంగా ఉండాలన్న కోరిక స్త్రీలకూ ఉంది, అందులో తప్పేమీ లేదు. ఈ చర్చ పెద్దది, దీనికి మరో సంచిక కావాలి. ఇక్కడ అడిగేది ఒక్కటే. ఓడిపోతే జన్యువులు, గెలిస్తే కూడా జన్యువులేనా? ఆమె పరుగెత్తిన తెల్లవారుజాములన్నీ ఎవరి ఖాతాలో రాయాలి?

మన దేశంలో గెలిచినవాళ్ళని చూడండి. మేరీ కోమ్ మణిపూర్ కొండల్లో పోడు వ్యవసాయం చేసే ఇంట్లో పెరిగింది. 2007లో కవలల్ని కని, 2008లో మళ్ళీ ప్రపంచ చాంపియన్ అయింది. మొత్తం ఆరుసార్లు. మణిపురీలకి రక్తంలోనే ఉందన్నారు అందరూ. తర్వాత హర్యానా అమ్మాయిలు వచ్చారు. అప్పుడు జాట్ రక్తం అన్నారు. అస్సాం నుంచి లవ్లీనా వచ్చింది. నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ వచ్చింది. 2023లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీల్లో మన దేశానికి వచ్చిన నాలుగు బంగారు పతకాలు హర్యానా, అస్సాం, తెలంగాణలకు చెందినవి. ఇన్ని జాతుల్లో, ఇన్ని భాషల్లో ఒకే రక్తం ఎక్కడిది? ఈ అమ్మాయిలు అందరికీ ఉమ్మడిగా ఉన్నవి ఒక మైదానం, చెప్పేవాళ్ళు, ఎదురు నిలబడని ఇల్లు.

నిఖత్ సంగతి మనకి దగ్గరిది కాబట్టి కాస్త ఎక్కువ చెప్పుకుందాం. బీడీలు చుట్టే ఆడవాళ్ళ నడుములతో, దగ్గులతో మనకి బాగా పరిచయమైన ఊరు అది. ఆ ఊళ్ళో ఆమె బాక్సింగ్‌కి వచ్చినప్పుడు తనతో తలపడటానికి ఆడపిల్లలే లేరు, మగపిల్లలతోనే స్పారింగ్ చేసింది. పొట్టి నిక్కరు వేసుకుంటుందని బంధువులు ముఖం చిట్లించారు. తండ్రి పట్టించుకోలేదు. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ పోటీల్లో బంగారం గెలిచింది. 2017లో భుజం దెబ్బతిని చాలా కాలం రింగుకు దూరమైంది. అప్పుడు ఆమె కథ అయిపోయిందనుకున్నారు. 2022లో అదే టర్కీలో, ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది, 2023లో మళ్ళీ అయింది. 2011 నుంచి 2022 దాకా ఆమె జన్యువులు మారలేదు. పదకొండేళ్ళ చాకిరి మారింది. 2024 పారిస్‌లో ఓడిపోయింది కూడా ఆ జన్యువులతోనే.

కుటుంబాల్లో వచ్చే బాక్సింగ్ సంగతేమిటని అడుగుతారు. 2025లో వెండి పతకం గెలిచిన నూపుర్ షియోరాన్ ఆసియా క్రీడల్లో రెండుసార్లు బంగారం తెచ్చిన హవా సింగ్ మనవరాలు. నిజమే. కానీ తాతనుంచి మనవరాలికి వచ్చింది రక్తం ఒక్కటేనా? పుట్టేసరికే ఇంట్లో గ్లవ్స్ ఉన్నాయి, తండ్రి కోచ్. ఆడపిల్ల బాక్సింగ్ ఆడతానంటే "పెళ్ళెలా అవుతుంది" అని ఏడవని ఇల్లు ఉంది. దీన్నీ వారసత్వమే అంటారు, అయితే ఇది పంచిపెట్టగలిగిన వారసత్వం.

ఇక మన పిల్లల రక్తం సంగతి. ఆక్సిజన్‌ని మోసేది హిమోగ్లోబిన్. అది డెసిలీటరుకి 12 గ్రాములు ఉండాల్సిన చోట 9 ఉంటే, ప్రతి గుండెకొట్టుకూ అందే ఆక్సిజన్ నాలుగో వంతు తగ్గినట్టు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్ళు దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. అదే వయసు మగవాళ్ళలో 25 శాతం. ఈ తేడాలో కొంత నెలనెలా పోయే రక్తానిది. మిగతాది వంటింట్లో తయారవుతుంది. ఎవరు ముందు తింటారు, గుడ్డు ఎవరి కంచంలో పడుతుంది, కూర అడుగంటాక మిగిలింది ఎవరికి అన్న దగ్గర. అమ్మ రక్తహీనత కడుపులో బిడ్డకి, ఆ బిడ్డ ఆడదైతే మళ్ళీ ఆమె బిడ్డకి అందుతుంది. మూడు తరాలు ఇలా నడిస్తే చూసేవాళ్ళకి అది వంశపారంపర్యంగానే కనిపిస్తుంది. "వాళ్ళమ్మ కూడా ఇంతే, నీరసం మనిషి" అంటారు.

విశ్రాంతి కూడా శిక్షణలో భాగమేనని ఏ కోచ్‌ని అడిగినా చెప్తాడు. 2024 టైమ్ యూజ్ సర్వేలో జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. రోజూ అయిదు గంటలు ఇంటి చాకిరి చేసే మనిషిని దమ్ము లేనిదంటున్నాం! నాట్లు వెయ్యడానికి, కలుపు తియ్యడానికి, కడవలు మొయ్యడానికి మాత్రం "వాళ్ళకి అలవాటే, వొళ్ళు గట్టిది" అంటాం. ఒకే ఒంటికి పొలంలో దమ్ము ఉంటుంది, రింగులో ఉండదు. కూలి తక్కువ ఇవ్వాల్సిన చోట ఉంటుంది, పతకం ఇవ్వాల్సిన చోట ఉండదు.

సగటు మగవాడి కన్నా సగటు స్త్రీకి ఆక్సిజన్ వాడే శక్తి తక్కువే. దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ ఆ పిల్ల తలపడేది సగటు మగవాడితో కాదు, తన బరువే ఉన్న ఇంకో ఆడపిల్లతో. ఆ రెండో పిల్ల పొద్దున గుడ్డు తిని వచ్చిందా, ఈ పిల్ల రాత్రి చారన్నం తిని వచ్చిందా అన్నదే తేడా. శిక్షణ ఇచ్చే చోటు భద్రంగా ఉందా అన్నది ఇంకో తేడా. 2023లో మల్లయోధురాళ్ళు తమ సమాఖ్య అప్పటి అధ్యక్షుడిపై లైంగిక వేధింపుల ఆరోపణలతో జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చున్నారు. దేశానికి పతకాలు తెచ్చినవాళ్ళకే ఆ గతి అయితే, జిల్లా స్థాయిలో ఆటల శిబిరాలకి ఆడపిల్లల్ని ఏ ధైర్యంతో పంపమంటాం? ఫిర్యాదుల కమిటీ లేని క్రీడాసంఘాల పేర్లు రాసి పంపమని కిందటి ఏడాది సంచికలో అడిగాం. వచ్చిన ఉత్తరాలు అయిదే.

ఆరోజు ఆ టీచరుతో ఇవన్నీ మాట్లాడలేదు. అంత ఉపన్యాసం ఎవరు వింటారు? "ఈ పాపకి రక్త పరీక్ష ఎప్పుడు చేయించారు?" అని మాత్రం అడిగాం. ఆయన రిజిస్టర్ తెచ్చారు. పేరు, వయసు, ఎత్తు, బరువు, 400 మీటర్ల పరుగు సమయం, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి. రక్తానికి గడి లేదు. వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలు వస్తున్నాయిట, వికారం పెడుతోందని పిల్లలు చెట్టు కింద పారేస్తున్నారట. ఖాళీ కడుపుతో వేసుకుంటున్నారు మరి! అన్నం తిన్నాక వేసుకోమని ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పద్ధెనిమిది మందినీ పి.హెచ్.సి.కి తీసుకెళ్ళారు. ఆ పిల్లకి 8.4 ఉంది. మరో పదకొండు మందికి 11 లోపే. నర్సమ్మ మందులు రాసి, మూడు నెలలకి మళ్ళీ తీసుకురమ్మంది. టీచరు ఆ సాయంత్రమే స్కేలు పెట్టి రిజిస్టర్‌లో కొత్త గడి గీశారు. హాస్టళ్ళకూ, గురుకులాలకూ వెళ్ళే కార్యకర్తలు మీ దగ్గర ఆడే పిల్లల రిజిస్టర్లలో ఆ గడి ఉందో లేదో చూడండి. ఉంటే అందులోని అంకెలు, పేర్లు లేకుండా, వచ్చే సంచికకి నెల ముందుగా మాకు రాయండి. లేకపోతే అదీ రాయండి.